వెలుగు దెబ్బ తిన్న కణము - వైరసు భవితవ్యము

మన యిండ్లలో ఎండకు గల గౌరవము పురాతనమైనది. పరుపులు, బొంతలు, పప్పుధాన్యములు, ఊరగాయ జాడీలు ఏవైనను ఎండలో పెట్టినచో దోషము తొలగునని మన తల్లులు నమ్మిరి. ఈ నమ్మకములో సత్యము కలదు. సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణములు సూక్ష్మజీవులను చంపుననుట శాస్త్రమెరిగిన విషయమే. అయితే వెలుగు తగులునది రోగక్రిమికి మాత్రమేనా? ఆ క్రిమి చొరబడదలచిన కణమునకు గూడ ఆ వెలుగే తగిలినచో నేమగును? కణము దెబ్బతినిన, దానిలోని వైరసు నశించునా, లేక వృద్ధి పొందునా? ఈ చిన్న ప్రశ్నకు సమాధానము చెప్పుటకు శాస్త్రజ్ఞులకు అర్ధశతాబ్దము పట్టెను. ఆ సమాధానము ప్రయోగశాల గోడలు దాటి మన గృహజీవనమును గూడ తాకుచున్నది. కావున ఆ చరిత్రను క్రమముగా చెప్పుకొందము.

1801లో జర్మనీలోని జేనా నగరమున రిట్టర్ అను పండితుడు, ఇంద్రధనుస్సులోని ఊదారంగునకు ఆవల, కంటికి కానరాని కిరణములున్నవని వెండి లవణమును నల్లబరచు వాని శక్తినిబట్టి నిరూపించెను. 1877లో డౌన్స్, బ్లంట్ అను ఆంగ్లేయులు సూర్యకాంతి సోకిన ద్రవములో బాక్టీరియాలు పెరుగవని చూపిరి. వెలుగుతో చర్మక్షయకు చికిత్స చేసిన డెన్మార్కు వైద్యుడు ఫిన్సెన్‌కు 1903లో నోబెల్ బహుమానము లభించెను. ఆ పిమ్మట అమెరికాలోని రాక్‌ఫెల్లర్ సంస్థలో ఫ్రెడరిక్ గేట్స్ ఏ కిరణము బాక్టీరియాలను అధికముగా చంపునో కొలిచి, 1930 ప్రాంతమున ఒక ముఖ్యవిషయమును ప్రకటించెను. చంపుటలో మిక్కిలి సమర్థమైన కిరణములు, కేంద్రకామ్లములు మిక్కిలిగా పీల్చుకొను కిరణములు ఒక్కటే. అనగా వెలుగు దెబ్బ కణములోని వంశలిపికే తగులుచున్నది. ఆ లిపి డి.ఎన్.ఏ. అని 1944లో ఏవరీ, ఆతని సహచరులు చూపువరకు గేట్స్ మాటలోని లోతు లోకమునకు బోధపడలేదు.

వైరసు తనంతట తాను బ్రతుకజాలదు. అది తిండి తినదు, శ్వాసింపదు, పెరుగదు. వంశలిపిని మూటగట్టుకొని తిరుగు చిన్న సంచి వంటిది. కణములో ప్రవేశించినప్పుడే ఆ కణపు పనిముట్లతో తన ప్రతులను చేయించుకొనును. బాక్టీరియాలను పట్టి పీడించు వైరసులను 1915లో ట్వార్ట్, 1917లో దెరెల్ వేర్వేరుగా కనుగొనిరి. వీనిని ఫేజులందురు. పళ్లెములో మబ్బువలె పరచుకొన్న బాక్టీరియాల పొరపై ఒక్కొక్క ఫేజి పడిన చోట, అవి చచ్చి, గుండ్రని స్వచ్ఛమైన మచ్చ ఏర్పడును. మచ్చలను లెక్కించిన, బ్రతికియున్న ఫేజుల సంఖ్య తెలియును. ఇంత సులభమైన కొలత యుండుటచేతనే మన ప్రశ్నకు మొదటి సమాధానములు మనుష్యరోగములనుండి గాక ఈ అల్పజీవులనుండి లభించినవి.

1948లో టి. ఎఫ్. ఆండర్సన్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు ఒక ప్రయోగఫలమును ప్రకటించెను. అతినీలలోహిత కిరణములతో చంపబడి, సంతానమును కనజాలని బాక్టీరియాలలో గూడ టి2 అను ఫేజి వృద్ధి పొందుచుండెను. దీనినిబట్టి చావు ఒక్కటి కాదని తేలెను. వంశలిపి చెడినను కణపు కార్ఖానా కొంతకాలము నడచుచునే యుండును. టి2 వంటి ఫేజి తన లిపిని తానే తెచ్చుకొనును. ఆతిథేయి లిపిని చీల్చి ముడిసరకుగా వాడుకొనును. యజమాని పోయిన యింటిలో వంటసామగ్రి మిగిలియున్న చాలునని వచ్చిన అతిథి వంటిది అది. కాని ఫేజులన్నియు నట్టివి కావు. ఆతిథేయి యంత్రమును అధికముగా నమ్ముకొన్న ఫేజులకు, కణము గాఢముగా దెబ్బతిన్నప్పుడు గింజుకొనుటకు గూడ వీలుండదు. కావున కణమునకు దెబ్బ తగిలినచో వైరసు గతి ఏమను ప్రశ్నకు మొదటి పాఠమిది: దెబ్బ ఎంత, వైరసు ఎట్టిది అని అడుగక సమాధానము చెప్పరాదు.

మరుసటి యేడు, 1949లో, రెండవ పాఠము లభించెను. కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ ప్రయోగశాలలో ఆల్బర్ట్ కెల్నర్ ఒక శిలీంధ్రము వంటి సూక్ష్మజీవి బీజములపై అతినీలలోహిత కిరణములను ప్రసరింపజేసి, ఎన్ని బ్రతికినవో లెక్కించుచుండెను. ఒకసారి కొన్నియు, మరొకసారి వేలకొలదియు బ్రతుకుచుండెను. ఉష్ణోగ్రతలోని భేదమే కారణమని మొదట తలచెను. ఎంత సరిచేసినను లెక్క కుదురలేదు. తుదకు కిటికీనుండి పడుచున్న మామూలు వెలుగే చచ్చినవానిని బ్రతికించుచున్నదని గ్రహించెను. అదే యేడు ఇండియానా విశ్వవిద్యాలయమున రెనాటో డుల్బెకో ఫేజులలోను ఇట్టి పునర్జీవనమునే చూచెను. దీపముక్రింద దొంతరగా పేర్చిన పళ్లెములలో పైపళ్లెమునందు మచ్చలు హెచ్చుగా నుండెను. ఆతని పరీక్షలలో తేలిన ముఖ్యాంశము మరొకటి కలదు. ఫేజిని విడిగా వెలుగులో ఉంచిన ఫలము లేదు. అది బాక్టీరియాను అంటుకొన్న పిమ్మటనే వెలుగు పనిచేయును. మరమ్మతు చేయు శక్తి వైరసునందు లేదు, ఆతిథేయియందే కలదు. కొంతకాలమునకు ఆ పనిచేయు ఎంజైమును రూపర్ట్ మొదలగువారు కనుగొనిరి. కుక్క, పిల్లి, మనుష్యుడు మున్నగు మావిగల క్షీరదములకు ఈ ఎంజైము లేదు. ఈ మాట తరువాత మనకు పనికివచ్చును.

మూడవ పాఠము పారిస్‌నుండి వచ్చెను. పాస్టర్ సంస్థ అటకగదిలో ఆంద్రె ల్వాఫ్ లైసోజెని అను వింతను శోధించుచుండెను. కొన్ని బాక్టీరియాలు తరతరములుగా ఆరోగ్యముతో నుండి, ఎప్పుడో ఒకనాడు పగిలి ఫేజులను వెడలగ్రక్కును. ల్వాఫ్ సూక్ష్మదర్శినిక్రింద ఒకే బాక్టీరియాను చిన్న బొట్టులో నిలిపి, అది పెరిగి విభజించుచుండగా ఓపికతో కనిపెట్టి చూచెను. ఫేజులు బయటకు రాలేదు. కావున వైరసు వారిలో నిద్రించుచున్నదని తేలెను. అయినను దానిని ఇష్టము వచ్చినపుడు మేల్కొలుపుటెట్లు? ఎన్నియో ప్రయత్నములు విఫలమైనవి. చివరకు 1950లో సిమినోవిచ్, కెల్డ్‌గార్డ్‌లతో గూడి ల్వాఫ్ ఆ బాక్టీరియాలపై కొద్దిపాటి అతినీలలోహిత కిరణములను ప్రసరింపజేసెను. గంటా గంటన్నరలో బాక్టీరియాలు ఇంచుమించుగా అన్నియు పగిలి ఫేజులను వెడలగ్రక్కినవి. ఇచ్చట దెబ్బ తగిలినది ఆతిథేయికి, మేలుకొన్నది అతిథి. 1965లో జాకబ్, మోనోలతో గూడ ల్వాఫ్‌కు నోబెల్ బహుమానము లభించెను.

ల్వాఫ్ ప్రయోగమునకు మరుసటి యేడు విస్కాన్సిన్‌లో ఎస్తర్ లెడర్‌బర్గ్, శాస్త్రజ్ఞులందరు నిత్యము వాడుచున్న ఈ. కొలై కె-12 అను బాక్టీరియాలోనే ఇట్టి నిద్రాణ వైరసు ఉన్నదని కనుగొని దానికి లామ్డా అని పేరు పెట్టెను. ఆ పిమ్మట దశాబ్దములపాటు జన్యుశాస్త్రమున చాల పని లామ్డా ఆధారముగా నడచెను. ఆమె పేరు మాత్రము చాలకాలము భర్త పేరుచాటుననే యుండిపోయెను. స్త్రీవిద్యను కోరువారు విచారింపవలసిన విషయము గదా యిది. విద్య నిచ్చుట ఒక ఎత్తు. విద్యతో సాధించినదానిని వారిదిగా అంగీకరించుట మరొక ఎత్తు.

ఇంతవరకు వచ్చిన ఈ మూడు పాఠములు 1953లో ఒక్కచోట కూడినవి. కూర్చినవాడు జీవశాస్త్రజ్ఞుడు గాడు. ఝాన్ వైగెల్ జెనీవాలో భౌతికశాస్త్రాచార్యుడై యుండి, గుండెజబ్బు రాగా ఆ పదవిని వదలి, నడివయస్సున కాలిఫోర్నియాకు వచ్చి ఫేజుల పాఠము మొదటినుండి నేర్చుకొనెను. ఆయన లామ్డా ఫేజులపై అతినీలలోహిత కిరణములను ప్రసరింపజేసి, అధికభాగము చచ్చునట్లు చేసి, వానిని రెండు విధములైన బాక్టీరియాలపై చల్లెను. ఒకవిధమువి ఆరోగ్యముగా నున్నవి. రెండవవి ముందుగనే కొద్దిపాటి కిరణము సోకి గాయపడినవి. ఆరోగ్యవంతమైన యింటిలోనే అతిథికి సేవ బాగుగా జరుగునని ఎవరైనను అనుకొందురు. కాని జరిగినది విపరీతము. గాయపడిన బాక్టీరియాలలోనే చచ్చినట్లున్న ఫేజులు హెచ్చుగా బ్రతికినవి. అంతేకాదు, అట్లు బ్రతికినవానిలో రూపుమారినవి, అనగా వికారము పొందినవి, చాల హెచ్చుగా నుండెను. కిరణము తగిలిన ఫేజిని ఆరోగ్యముగల బాక్టీరియాలో పెంచినచో అట్టి మార్పులు మిక్కిలి తక్కువ. కిరణము ఫేజికి తగిలినంతమాత్రమున మార్పు రాదు; ఆతిథేయికిని దెబ్బ తగిలియుండవలెను. ఈ ప్రయోగమునే నేడు వైగెల్ పునర్జీవనమందురు.

ఇది ఎట్లు సాధ్యము? ఇందుకు సమాధానము వెదకినవారిలో ఈవిలిన్ విట్కిన్ ముఖ్యురాలు. ఈమె 1921లో న్యూయార్కులో జన్మించెను. విశ్వవిద్యాలయమున చదువుచున్నప్పుడు నల్లజాతి క్రీడాకారుని పోటీనుండి తప్పించిన పద్ధతిని ఎదిరించి, 1941లో మరికొందరితో గూడ మూడు నెలలు బహిష్కృతురాలయ్యెను. ఆ కారణముననే ఆమె పైచదువులకు కొలంబియా విశ్వవిద్యాలయమునకు పోవలసివచ్చెను. అన్యాయము చేసినవారి ద్వారము మూసికొనిపోగా, జన్యుశాస్త్రమునకు ఒక గొప్ప ద్వారము తెరువబడెను. 1944 వేసవిలో కోల్డ్ స్ప్రింగ్ హార్బర్‌లో ఆమె కిరణములను తట్టుకొను బాక్టీరియాలను ఏరెను. అప్పటినుండి ఒక ప్రశ్న ఆమెను వదలలేదు. కిరణము సోకిన బాక్టీరియా విభజింపక దారమువలె ఎందుకు పొడవుగా సాగిపోవును? 1967లో ఆమె తన ఊహను ప్రకటించెను. బాక్టీరియా దారమువలె సాగుటయు, నిద్రించు ఫేజి మేలుకొనుటయు ఒకేవిధమైన తాళము తెరచుకొనుటచేతనే జరుగుచున్నవని ఆమె అభిప్రాయము.

ఆ కాలముననే మిరోస్లావ్ రాడ్‌మన్ అను యుగోస్లావియా యువకుడు వైగెల్ ప్రయోగమును మరల పరిశీలించుచుండెను. 1970లో మిత్రులకు వ్రాసి పంపి, 1974లో అచ్చువేయించిన తన సిద్ధాంతమునకు ఆయన ఎస్.ఓ.ఎస్. అని పేరిడెను. మునిగిపోవు ఓడ పంపు ఆపత్సంకేతమది. వంశలిపికి ప్రమాదము కలిగినప్పుడు బాక్టీరియా తన ఆపద్ధర్మపు సామగ్రి నంతటిని ఒక్కసారిగా బయటకు తీయునని ఆయన వాదము. తరువాతి పరిశోధనలు దీనిని స్థాపించినవి. లెక్స్‌ఏ అను ప్రోటీను మామూలు దినములలో నలుబదికి మించిన జన్యువులకు తాళము వేసియుంచును. లిపి చెడి తెగిన పోగులు బయటపడగా, రెక్‌ఏ అను ప్రోటీను వానిని అంటుకొని లెక్స్‌ఏ తెగిపోవునట్లు చేయును. తాళములన్నియు తెరచుకొనును. లామ్డా వైరసు నిద్రించునట్లు కాపాడు నిరోధకము గూడ లెక్స్‌ఏను పోలినదే కావున, అదియు అదే రీతిని తెగిపోవును. వైరసు మేలుకొని, కూలనున్న యింటినుండి వెడలిపోవును.

చెడిన ఫేజి బాగగుటకు గూడ ఇదియే కారణము. ఆపద్ధర్మపు సామగ్రిలో రెండు విధములైన పనిముట్లున్నవి. చెడిన అక్షరములను కత్తిరించి మరల వ్రాయునవి కొన్ని. ఇవి ఎస్.ఓ.ఎస్. సమయమున హెచ్చగును. రెండవది, చెడిన అక్షరమును చదువలేకపోయినను ఏదో ఒక అక్షరము వ్రాసి ముందునకు సాగు లేఖకుడు. దానికి డి.ఎన్.ఏ. పాలిమరేజ్ ఐదు అని పేరు. 1999లో దాని పని స్పష్టముగా తెలిసినది. ఈ లేఖకుడు సగము తప్పులతోనైనను ప్రతిని ముగించును. ముగియని ప్రతికంటె తప్పులున్న ప్రతి మేలు. గాయపడిన బాక్టీరియాలో ఫేజులు హెచ్చుగా బ్రతుకుటకును, బ్రతికినవి హెచ్చుగా మారుటకును కారణము ఇదియే. ఆతిథేయి తన ప్రాణమును కాపాడుకొనుటకు తెరచిన పెట్టెను వైరసు వాడుకొన్నది, అంతే. 2015లో విట్కిన్‌కు లాస్కర్ బహుమానము లభించెను. 2023లో ఆమె నూటరెండవ యేట మరణించెను.

బాక్టీరియాల విషయము మనుష్యునికి వర్తించునా అని చదువరులు అడుగవచ్చును. కొంత వర్తించును, కొంత వర్తింపదు. మన కణములలో లెక్స్‌ఏ లేదు. అయినను 1970లో బాక్‌స్టాలర్, లిటిల్ అనువారు కోతి మూత్రపిండ కణములపై ముందుగా అతినీలలోహిత కిరణములను ప్రసరింపజేసి, కిరణము సోకిన హెర్పీస్ వైరసును వానిపై వేయగా, గాయపడని కణములందుకంటె హెచ్చుగా అది బ్రతికెను. వైగెల్ చూచిన దృశ్యమే మరల కనబడినది. 1988లో వెలెరీ మొదలగువారు అతినీలలోహిత కిరణములు మనుష్యకణములలో ఎయిడ్సు వైరసు యొక్క జన్యువులను ప్రేరేపించునని ప్రకటించిరి. కణము కష్టములో నున్నప్పుడు తన లోపలి వైరసుల విషయమై అది మునుపటివలె నుండదు.

దీనికి ప్రతిబింబము వంటి కథ మరియొకటి కలదు. 1874లో వియన్నాలో కపోసి ఒక వింతవ్యాధిని వర్ణించెను. ఆ వ్యాధిగల బిడ్డల చర్మము ఎండను సహింపదు. పసితనముననే ముఖముపై నల్లమచ్చలు, ఎండిన చర్మము, కొద్దికాలమునకు క్యాన్సరు పుండ్లు. దీనిని జీరోడెర్మా పిగ్మెంటోజమ్ అందురు. శాన్‌ఫ్రాన్సిస్కోలో జేమ్స్ క్లీవర్ ఒకనాడు దినపత్రికలో ఈ వ్యాధిని గూర్చిన వ్యాసము చదివి, ఈ బిడ్డలకు వంశలిపి మరమ్మతు లేదేమోయని ఊహించెను. 1968లో ఆయన ఊహ నిజమైనది. ఆ పిమ్మట శాస్త్రజ్ఞులు వైరసునే సాక్షిగా పిలిచిరి. అతినీలలోహిత కిరణములతో చెడగొట్టిన వైరసును ఆరోగ్యవంతుల కణములలో వేసిన, కణము దానిని బాగుచేయును, వైరసు పెరుగును. ఆ బిడ్డల కణములలో వేసిన, వైరసు బాగుపడదు. 1970లో ఆరన్‌సన్, లిటిల్ ఎస్.వి.40 అను వైరసుతో దీనిని చూపిరి. వైరసు పెరుగకపోవుట ఇచ్చట శుభసూచకము గాదు. ఆ యింటిలో మరమ్మతు చేయువాడు లేడనుటకు నిదర్శనము.

ఇంతకును మన గృహములకు దీనివలన తెలియవలసిన దేమి? మూడు మాటలు చెప్పెదను.

మొదటిది పెదవి పొక్కులను గూర్చినది. జ్వరము తగిలిన తరువాతనో, ఎండలో తిరిగి వచ్చిన తరువాతనో కొందరి పెదవి యంచున నీటిపొక్కులు లేచును. మూతి పేలినదని మనమందుము. వేడిచేసినదని పెరుగన్నము పెట్టుదుము. ఆ పొక్కులకు కారణమైన హెర్పీస్ వైరసు చిన్ననాడే శరీరమున ప్రవేశించి ముఖపు నరములగుంపులో నిద్రించుచుండును. పెదవులపై అతినీలలోహిత కిరణములు బలముగా సోకినచో కొందరిలో అది మేలుకొనుట పరీక్షలవలన తేలినది. ఇది ల్వాఫ్ చూచిన యంత్రము కాదు. నరములు, చర్మము, రోగనిరోధకశక్తి అన్నియు ఇందులో పాల్గొనును. అయినను నీతి ఒక్కటే: పైనుండి తగిలిన దెబ్బ లోపలి వైరసును లేపును. తరచుగా మూతి పేలువారు పొలమునకు పోవునప్పుడు తలపాగయో గొడుగో వాడుట, పెదవులను కాపాడుకొనుట మేలు.

రెండవది దీపములను గూర్చినది. 2020లో కోవిడ్ మహమ్మారి వ్యాపించినప్పుడు అతినీలలోహిత దీపములు, పెట్టెలు, కర్రలు విరివిగా అమ్ముడుపోయినవి. బల్లమీదను, ఖాళీగదిలోను ఉన్న వైరసును ఆ కిరణములు చంపుట నిజమే. కాని ఆ దీపమును చేతులపైనను, బిడ్డల ఒంటిపైనను ప్రసరింపజేయరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ హెచ్చరింపవలసివచ్చెను. కారణము పైచరిత్రయే చెప్పుచున్నది. బల్లకు వంశలిపి లేదు, చర్మమునకు కలదు. వెలుపలి వైరసునకు శత్రువైన కిరణమే చర్మకణమునకును శత్రువు. లోపలి వైరసునకు ఒక్కొక్కప్పుడు మిత్రము. పరుపునకు పనికివచ్చిన న్యాయము శరీరమునకు పనికిరాదు.

మూడవది మన వివాహములను గూర్చినది. ఇది కొందరికి కష్టముగా తోచవచ్చును. అయినను చెప్పక తప్పదు. జీరోడెర్మా పిగ్మెంటోజమ్ బిడ్డలకు తల్లిదండ్రులిద్దరినుండియు చెడిన ప్రతి వచ్చినప్పుడే కలుగును. ఒక్కరినుండి మాత్రమే వచ్చిన వారికి ఏ బాధయు నుండదు. తాము మోయుచున్నామని గూడ వారికి తెలియదు. వ్యాధి చాల అరుదు. ఐరోపా, అమెరికాలలో పదిలక్షలమందిలో ఇంచుమించుగా ఒకరిద్దరికి మాత్రమే ఉండునని అంచనా. కాని మేనత్త, మేనమామ బిడ్డల దంపతులకు పుట్టిన బిడ్డలో, ఏదైన ఒక జన్యువు యొక్క రెండు ప్రతులును ఒకే పూర్వజునినుండి వచ్చుటకు పదునారింట ఒక పాలు అవకాశము కలదు. అక్కకూతురిని పెండ్లాడిన మేనమామ యింట అది ఎనిమిదింట ఒక పాలగును. కావున అరుదైన దోషములు రెండు వైపులనుండియు కలియుటకు మేనరికము త్రోవ చూపును. మన తెలుగుదేశమున ఆస్తి చెదరకుండుటకో, పిల్ల కన్నులయెదుట నుండుటకో మేనరికములు చేయు ఆచారము నేటికిని పోలేదు. ప్రతి మేనరికపు బిడ్డయు రోగియగునని భయపెట్టుట అసత్యము. అయినను, ఎండ సోకిన చర్మమును మరమ్మతు చేసుకొను శక్తిని బిడ్డకు వారసత్వముగా ఇచ్చుట పొలము నిచ్చుటకంటె తక్కువది గాదు. అంతేకాదు, ఎండకు మచ్చలు లేచు బిడ్డను చూచి దేవత ఆగ్రహమని, తల్లి పాపమని నిందించుట మాని, వెంటనే వైద్యుని చూపించి, పగటివెలుగునుండి కాపాడినచో ఆ ప్రాణము నిలుచుటకు అవకాశము హెచ్చును.

వైరసును గూర్చి మాటాడునప్పుడు మనమందరము శత్రువును మాత్రమే చూచుట అలవాటు. ఆండర్సన్ నుండి విట్కిన్ వరకు సాగిన ఈ చరిత్ర మన దృష్టిని ఇంటిమీదకు త్రిప్పుచున్నది. చచ్చిన వైరసును బ్రతికించినదియు ఆతిథేయియే, నిద్రించినదానిని లేపినదియు ఆతిథేయి గాయమే, దానికి క్రొత్తరూపము నిచ్చినదియు ఆతిథేయి తొందరపాటే. రోగమును జయింపదలచిన సంఘము క్రిమిని చంపుటతోనే తృప్తిపడక, ఆ క్రిమి చొరబడు దేహము ఎట్లున్నదో, ఆ దేహమును కన్న కుటుంబము ఎట్లున్నదో గూడ విచారింపవలెను.